బరిలోకి దిగిన అమ్మకందారు: బెర్లుస్కోనీ రాజకీయప్రవేశం - రెండు చలనచిత్రాల విమర్శ

వ్యాససంగ్రహం:

వ్యాపారసంస్థల అధిపతి దేశాన్ని పాలిస్తానని ముందుకు వచ్చినప్పుడు అతనితోపాటు డబ్బు కూడా రాజకీయాల్లోకి వస్తుందన్నది అందరూ ఎరిగినదే. అతని వృత్తిభాష కూడా వస్తుందని, డబ్బుకన్నా అదే ఎక్కువకాలం నిలుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇటలీకి చెందిన సిల్వియో బెర్లుస్కోనీ (1936-2023) 1994లో చేసిన టెలివిజన్ ప్రసంగాన్ని, 2001లో ఓటర్లతో చేసుకున్న ‘ఒప్పందా’న్ని పాఠ్యాలుగా తీసుకొని, ఆయనపై వచ్చిన ‘ఇల్ కైమానో’ (2006), ‘లోరో’ (2018) చలనచిత్రాలు ఆ భాషను ఎంతవరకు పట్టుకోగలిగాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బెర్లుస్కోనీ, వ్యాపారం, రాజకీయభాష, టెలివిజన్, నన్ని మొరెత్తి, పావొలో సొరెంతినో.

1. ఉపోద్ఘాతం

ఒక వ్యక్తి కొత్తగా రాజకీయాల్లోకి వచ్చాడని చెప్పడానికి తెలుగు పత్రికలు సాధారణంగా మూడు మాటలు వాడతాయి. ‘రంగప్రవేశం’ నాటకం నుంచి, ‘అరంగేట్రం’ నాట్యం నుంచి వచ్చినవి. ‘బరిలోకి దిగడం’ కుస్తీపట్ల నుంచి, కోడిపందేల నుంచి వచ్చింది. ఈ మూడింటిలో ఒక్కటీ వ్యాపారానికి సంబంధించినది కాకపోవడం గమనార్హం. వ్యాపారానికి సంబంధించిన మాట వాడితే అది వెంటనే నిందగా మారుతుంది. ‘రాజకీయ దుకాణం తెరిచాడు’, ‘రాజకీయాన్ని వ్యాపారం చేశాడు’ అన్న వాక్యాలను మెచ్చుకోలుగా అర్థం చేసుకునే తెలుగు పాఠకుడు ఉండడు. వ్యాపారి రాజకీయాల్లోకి వచ్చేటప్పుడు తన దుకాణం భాషను గుమ్మం బయట విడిచిపెట్టి ఆటగాడిగానో, యోధుడిగానో, నటుడిగానో కనిపించక తప్పదని మన నుడికారమే చెబుతోంది.

ఇటాలియన్ భాషలోనూ స్థితి ఇంచుమించు ఇదే. బెర్లుస్కోనీ తన రాజకీయప్రవేశానికి ఎంచుకున్న మాట ‘షెండెరె ఇన్ కాంపో’, అంటే మైదానంలోకి దిగడం. అది ఫుట్‌బాల్ మాట. మన ‘బరిలోకి దిగడం’ దానికి అచ్చమైన సమానార్థకం. ఆయన పార్టీ పేరు ‘ఫోర్జా ఇతాలియా’ కూడా జాతీయ జట్టును ఉత్సాహపరచడానికి ప్రేక్షకులు వేసే కేకే. జట్టు చొక్కా రంగును బట్టి ఆ పార్టీవారిని ‘నీలివారు’ అన్నారు. ఇటలీ జట్టు గెలవాలని ప్రత్యర్థి పార్టీవాడు అరిచినా అది బెర్లుస్కోనీ పార్టీ పేరు పలికినట్లే అయింది. ఒక దేశప్రజలందరి నోటిలో ఉన్న కేకను ఒక సంస్థ తన పేరుగా నమోదు చేసుకోవడం ప్రకటనల రంగం తెలిసినవారికే తట్టే ఊహ.

2. తొమ్మిది నిమిషాల ప్రసంగం

1992 ఫిబ్రవరిలో మిలన్‌లో మొదలైన లంచాల విచారణ రెండేళ్లలో ఇటలీలోని పాత పాలకపక్షాలను కూల్చివేసింది. బెర్లుస్కోనీకి అండగా నిలిచిన సోషలిస్టు నాయకుడు, మాజీ ప్రధాని బెత్తినో క్రాక్సి కూడా ఆ విచారణలో చిక్కుకున్నాడు. 1994 వసంతంలో ఎన్నికలు వస్తాయని, వామపక్షం గెలుస్తుందని అందరూ అనుకుంటున్న సమయంలో, జనవరి 26 సాయంత్రం దాదాపు తొమ్మిది నిమిషాల వీడియో ప్రసారమైంది. బహిరంగసభ పెట్టలేదు, విలేకరులను పిలవలేదు. ముందే చిత్రీకరించిన టేపును టెలివిజన్ సంస్థలకు పంపారు. వాటిలో మూడు జాతీయ ఛానెళ్లు పంపినవాడివే.

ఆ వీడియోలో బల్ల వెనుక కూర్చున్న వ్యక్తి, అతని వెనుక పుస్తకాల అరలు, కుటుంబసభ్యుల ఫోటోలు కనిపిస్తాయి. మాట దేశప్రేమతో మొదలవుతుంది. తన వేర్లు, ఆశలు, భవిష్యత్తు అన్నీ ఇక్కడే ఉన్నాయని చెప్పి, తన వృత్తిని తండ్రి దగ్గర, జీవితం దగ్గర నేర్చుకున్నానంటాడు. ఆ తరువాతే మైదానంలోకి దిగడం, వామపక్షం వల్ల ప్రమాదం, కంపెనీ పదవులకు రాజీనామా వరుసగా వస్తాయి. చివర కొత్త ‘ఇటాలియన్ అద్భుతం’ గురించిన వాగ్దానం ఉంటుంది. నిర్మాణపరంగా చూస్తే ఇది రాజకీయోపన్యాసం కన్నా వాణిజ్యప్రకటనకు దగ్గరగా ఉంది. ముందు ఇంటి వెచ్చదనం, ఆపైన ఆ ఇంటికి పొంచివున్న ముప్పు, ఆఖరున వస్తువు. సబ్బు ప్రకటనలోనైనా, బీమా ప్రకటనలోనైనా క్రమం ఇదే.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా పరిశీలించాలి. కంపెనీ పదవులకు రాజీనామా చేశానన్నాడే తప్ప కంపెనీలను అమ్మేశానని అనలేదు. ఇటలీలో ప్రభుత్వ అనుమతులు పొంది వ్యాపారం చేసేవారు పార్లమెంటుకు ఎన్నిక కావడానికి అనర్హులని 1957 నాటి చట్టం ఒకటి ఉంది. ప్రసార అనుమతులు బెర్లుస్కోనీ సొంత పేరు మీద లేవు కాబట్టి ఆ చట్టం వర్తించదని సభాసంఘం వ్యాఖ్యానించింది. యజమాని వేరు, అనుమతిపత్రం మీద సంతకం చేసినవాడు వేరు. ‘రాజీనామా’ అన్న ఒక్క మాట ఈ తేడాను ప్రేక్షకుడి కంట పడకుండా దాటించింది. 2004లో ఆయన ప్రభుత్వమే తెచ్చిన ప్రయోజనవైరుధ్య చట్టం కూడా మంత్రులు కంపెనీల నిర్వహణ పదవుల్లో ఉండకూడదన్నదే కాని, వాటాలు అమ్ముకోవాలని నిర్బంధించలేదు.

రెండు నెలల వయసున్న పార్టీ మార్చి 27, 28 తేదీల ఎన్నికల్లో దామాషా ఓట్లలో 21 శాతం తెచ్చుకొని మొదటిస్థానంలో నిలిచింది. మే నెలలో బెర్లుస్కోనీ ప్రధాని అయ్యాడు. తెలుగు పాఠకుడికి ఇక్కడ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు తొమ్మిది నెలలు గుర్తుకు రావడం సహజం. అయితే పోలిక వేగం వరకే. రామారావు చైతన్యరథం మీద ఊరూరా తిరిగి జనాన్ని కలిశాడు. బెర్లుస్కోనీ అప్పటికే పదేళ్లుగా ప్రతి ఇంటి ముందుగదిలో ఉన్నాడు.

3. ముందుగది

ఆ పదేళ్ల కథ తెలియకపోతే రెండు సినిమాలూ సగమే అర్థమవుతాయి. మిలన్ పక్కన సెగ్రాతేలో 1970లలో బెర్లుస్కోనీ ‘మిలానో దువే’ అనే నివాససముదాయాన్ని కట్టాడు. అంటే ఆయన మొదట ఇళ్లు అమ్మినవాడు. ఆ సముదాయానికి పరిమితమైన కేబుల్ ప్రసారమే పెరిగి 1980లో ‘కనాలే చింక్వే’ అయింది. తరువాత నాలుగేళ్లలో మరి రెండు ఛానెళ్లు కొన్నాడు. ప్రైవేటు సంస్థలు స్థానికంగా మాత్రమే ప్రసారం చేయాలన్నది అప్పటి నిబంధన. దేశమంతటా ఉన్న స్థానిక కేంద్రాలకు ఒకే టేపు పంపి, అందరి చేత ఒకే వేళకు వేయించి ఆ నిబంధనను దాటాడు. 1984 అక్టోబరులో ట్యూరిన్, రోమ్, పెస్కారా న్యాయాధికారులు ఈ ప్రసారాలను ఆపించారు. ‘డల్లాస్’ వంటి ధారావాహికలు ఆగిపోయిన ఇళ్లలో కోపం పుట్టింది. కొద్దిరోజుల్లోనే క్రాక్సి ప్రభుత్వం అత్యవసర ఉత్తర్వుతో వాటిని తిరిగి తెరిపించింది.

ప్రేక్షకుడి కోరిక ఒకవైపు, చట్టం మరొకవైపు నిలిచిన మొదటి సందర్భం ఇది. ప్రజలు కోరుకున్నదాన్ని న్యాయాధికారి ఎలా ఆపుతాడన్న వాదం పదేళ్ల తరువాత బెర్లుస్కోనీ రాజకీయాలకు మూలసూత్రమైంది. నా దృష్టిలో 1994 ప్రసంగం కన్నా 1984 అక్టోబరే ఆయన అసలు రాజకీయప్రవేశం.

ఛానెళ్లకు ప్రకటనలు సేకరించే ‘పుబ్లితాలియా’ సంస్థ ఉద్యోగులే కొత్త పార్టీ అభ్యర్థుల ఎంపికలో కీలకపాత్ర వహించారు. ప్రతి పట్టణంలోనూ ఏ వ్యాపారి దగ్గర పలుకుబడి ఉందో వారికి ముందే తెలుసు. మామూలు పార్టీకి కార్యకర్తల జాబితా ఉంటే, ఈ పార్టీకి ఖాతాదారుల జాబితా ఉంది. రూబెన్ దురాంతె, పావొలో పినొత్తి, ఆండ్రియా తెసెయి 2019లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో ప్రచురించిన పరిశోధన ఈ సందర్భంలో ముఖ్యమైనది. బెర్లుస్కోనీ ఛానెళ్లు ముందుగా చేరిన ప్రాంతాల్లో ఆయన పార్టీకి, ఆలస్యంగా చేరిన ప్రాంతాల కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయని వారు చూపారు. ఆ తొలినాళ్లలో ఆ ఛానెళ్లలో వార్తలు లేవు, ఉన్నది వినోదమే. అంటే ఓటరును మార్చింది రాజకీయప్రచారం కాదు, ఆటపాటల కార్యక్రమాలు. రాజకీయ అభిప్రాయాన్ని ఖండించవచ్చు కాని ఆటపాటల కార్యక్రమాన్ని ఖండించడం ఎలా? విమర్శకుడికి ఎదురైన అసలు చిక్కు ఇది. పరిశీలిస్తున్న ఇద్దరు దర్శకులకూ ఇదే చిక్కు.

4. ఒక సంతకం ఉన్న ఒప్పందం

మొదటి ప్రభుత్వం మిత్రపక్షం తప్పుకోవడంతో ఏడు నెలలకే పడిపోయింది. 2001లో తిరిగి పోటీచేస్తూ బెర్లుస్కోనీ రెండు పాఠ్యాలను తయారుచేయించాడు. ఒకటి ‘ఒక ఇటాలియన్ కథ’ అన్న పేరుతో లక్షలాది ఇళ్లకు తపాలాలో పంపిన రంగుబొమ్మల పుస్తకం. అందులో బాల్యం, తల్లి, స్నేహితులు, ఇల్లు, జట్టు, కంపెనీ అన్నీ నిగనిగలాడే కాగితం మీద ఉంటాయి. జీవితచరిత్ర అనే ప్రక్రియను కంపెనీ పరిచయపత్రం స్థాయికి తెచ్చిన పుస్తకంగా దీనిని ఎవరైనా విడిగా పరిశోధించవచ్చు.

రెండవది ‘ఇటాలియన్లతో ఒప్పందం’. 2001 మే 8న బ్రూనో వెస్పా నిర్వహించే ‘పోర్తా ఆ పోర్తా’ కార్యక్రమంలో, కెమెరాల ముందు బల్ల దగ్గర కూర్చొని ఐదు వాగ్దానాల పత్రం మీద సంతకం చేశాడు. పన్నుల తగ్గింపు, నేరాల అదుపు, కనీస పింఛను నెలకు పది లక్షల లీరాలకు పెంపు, కనీసం 15 లక్షల కొత్త ఉద్యోగాలు, ప్రజానిర్మాణాల్లో 40 శాతానికి తగ్గకుండా పనుల ప్రారంభం - ఇవి ఆ వాగ్దానాలు. ఐదింటిలో కనీసం నాలుగు నెరవేరకపోతే మరుసటి ఎన్నికల్లో నిలబడనని కూడా రాశాడు. మే 13న ఓటర్లు వేసే ఓటుతో ఒప్పందం అమల్లోకి వస్తుందన్నది పత్రంలోని చివరి అంశం.

చూడటానికి ఇది నిజాయితీకి పరాకాష్ఠలా ఉంటుంది. కాని ఒప్పందం అన్న ప్రక్రియ స్వభావం గమనించాలి. ఒప్పందంలో ఇద్దరే పక్షాలుంటారు. ఓటు రెండవ పక్షం సంతకమైతే, ఓటు వేయనివాడు, ప్రత్యర్థికి వేసినవాడు ఒప్పందం వెలుపలే ఉండిపోతారు. షరతులు రాసినవాడు ఒకడే. నెరవేరిందో లేదో తేల్చేవాడూ అతడే. ఒప్పందభంగం జరిగితే వెళ్లవలసిన న్యాయస్థానం ఏదో పత్రంలో లేదు. 2006లో వాగ్దానాలు నెరవేరలేదని విమర్శకులు లెక్కలు తీశారు, నెరవేరాయని ఆయన వాదించాడు, మళ్లీ పోటీచేశాడు. ఎన్నికల ప్రణాళిక చర్చకు లోబడిన పత్రం. బల్లమీద సంతకం చేసిన ఒప్పందమో, చర్చను ముగించే పత్రం.

ఈ ప్రక్రియ మనకు కొత్తది కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ అభ్యర్థి ఒకరు పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసి ఇచ్చి గెలిచారు. తరువాతి ఏళ్లలో రైతులు ఆ కాగితాన్నే చూపి నిలదీశారు. ఇటలీలో ఒప్పందం టెలివిజన్ స్టూడియోలో ఉండిపోగా, ఇక్కడ బాండు పేపరు రైతు చేతికి వచ్చింది. వ్యాపారభాష ఎదుటివాడి చేతిలో ఆయుధమయ్యే అవకాశం కూడా ఉందని దీనినిబట్టి ఒప్పుకోవాలి.

5. ‘ఇల్ కైమానో’: తీయలేని సినిమా

నన్ని మొరెత్తి ‘ఇల్ కైమానో’ 2006 మార్చిలో, ఎన్నికలకు రెండువారాల ముందు విడుదలైంది. కైమాన్ అంటే మొసలి జాతికి చెందిన జంతువు. బ్రూనో బొనోమో (సిల్వియో ఓర్లాందో) అప్పుల్లో మునిగిన చవకబారు సినిమాల నిర్మాత. భార్యతో విడిపోతున్నాడు. తెరేసా అనే యువతి ఇచ్చిన స్క్రిప్టును సగం చదివి ఒప్పుకున్నాక, అది బెర్లుస్కోనీ కథ అని అతనికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ సినిమా తీయడానికి పడే పాట్లే ఈ సినిమా.

ఈ నిర్మాణమే మొరెత్తి సాధించిన గొప్ప విజయం. బెర్లుస్కోనీ పాత్ర తెరమీద ఒక్క నటుడిలో నిలవదు. నిర్మాత ఊహలో ఒకడు, ఒప్పుకొని తప్పుకున్న నటుడొకడు, మధ్యలో వార్తాచిత్రాల్లోని అసలు మనిషి, చివరికి దర్శకుడు మొరెత్తి తానే. అనుకరణ హాస్యానికి ఇక్కడ చోటులేదు. మొరెత్తి వేషం మార్చడు, గొంతు మార్చడు, నవ్వడు. ముఫ్ఫై ఏళ్లుగా నవ్వుతూ అమ్మిన మాటలను నవ్వు తీసేసి చెబితే ఎలా వినిపిస్తాయో అప్పుడు తెలుస్తుంది. చివరి దృశ్యంలో అతనికి ఏడేళ్ల శిక్ష పడుతుంది. కోర్టు మెట్లమీద జనం న్యాయమూర్తుల మీద దాడిచేస్తారు. కారులో వెళుతున్న అతని ముఖం వెనుక మంటలు కనిపిస్తాయి. 1984లో ప్రసారాలు ఆపిన న్యాయాధికారుల మీద ముందుగదుల్లో పుట్టిన కోపం ఇక్కడ మంటగా మారిందని నేను చదువుకుంటాను.

కాని సినిమా మొదట్లో పైకప్పు బద్దలుకొట్టుకొని డబ్బుపెట్టె ఒకటి అతని ముందు పడుతుంది. ఇంత డబ్బు ఎక్కడిదన్నది మొరెత్తి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే అయినా, దానికి జవాబు దొరికినంతమాత్రాన పుబ్లితాలియా ఖాతాదారుల జాబితా అర్థం కాదు. మూలధనం నేరమని రుజువైనా ఆ భాష చెలామణి అవుతూనే ఉంటుంది. జరిగినదీ అదే. 2006లో ప్రతినిధుల సభకు రెండు కూటముల మధ్య తేడా పాతికవేల ఓట్లలోపే. 2008లో బెర్లుస్కోనీ తిరిగి ప్రధాని అయ్యాడు. 2013లో పన్నుమోసం కేసులో తుదితీర్పు వచ్చింది. సినిమాలోలా మంటలేవీ లేవలేదు. మిలన్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో వారానికి ఒకసారి సేవచేసి శిక్ష ముగించాడు.

సినిమా తీయడం ఎందుకు కష్టమో చెప్పే సినిమా కావడం వల్ల ‘ఇల్ కైమానో’ రచయితలకు కూడా సంబంధించినది. బెర్లుస్కోనీ కుటుంబసంస్థ ఆధీనంలోని మొందదోరి గుంపుకు చెందిన ఐనౌడి ప్రచురణాలయం, 2009లో నోబెల్ గ్రహీత జొసె సరమాగొ పుస్తకాన్ని, అందులో బెర్లుస్కోనీపై ఉన్న విమర్శల కారణంగా, వేయడానికి నిరాకరించింది. పుస్తకం మరో సంస్థనుంచి వెలువడింది. నిషేధం లేదు, నిర్బంధం లేదు. యజమానికి నచ్చని సరుకును అంగడిలో పెట్టలేదు, అంతే. దీనిని సెన్సారు అనడానికి కూడా వీలులేకపోవడమే దీనిలోని ఇబ్బంది.

6. ‘లోరో’: కట్టని ఇల్లు

పావొలో సొరెంతినో ‘లోరో’ను 2018 ఏప్రిల్, మే నెలల్లో రెండు భాగాలుగా విడుదల చేశాడు. ‘లోరో’ అంటే ‘వాళ్లు’. విరిచి పలికితే ‘బంగారం’. శ్లేష పేరులోనే ఉంది. మొదటి గంటంతా బెర్లుస్కోనీ దాదాపు కనిపించడు. అతని దగ్గరకు చేరాలని తహతహలాడేవాళ్లే కనిపిస్తారు. ఈ భాగం నాకు రుచించలేదు. దేహాలను వస్తువులుగా చూసే టెలివిజన్‌ను విమర్శించడానికి కెమెరా అదే చూపును అరువు తెచ్చుకుంది. తెచ్చుకున్నదాన్ని తిరిగి ఇవ్వడం మరిచిపోయింది.

అయితే తోని సెర్విల్లో నటించిన ఒక్క దృశ్యం కోసం ఈ లోపాన్ని సహించవచ్చు. ఎన్నికల్లో ఓడి, భార్య వెరోనికాకు దూరమై, సార్డీనియాలోని భవనంలో కూర్చున్న బెర్లుస్కోనీకి తన పాత విద్య ఇంకా మిగిలి ఉందో లేదోనన్న అనుమానం వస్తుంది. రాత్రివేళ ఎవరో తెలియని స్త్రీకి ఫోన్ చేసి, లేని ఇంటిని అమ్మడం మొదలుపెడతాడు. ఆమె ముందు విసుక్కుంటుంది. అతడు ఇంటి గురించి కాక ఆమె గురించి అడుగుతాడు. ఆమె ఒంటరితనం, తీరని కోరిక ఒక్కొక్కటిగా గొంతులోకి వస్తాయి. చివరికి ఆమె ఆ ఇల్లు కావాలంటుంది. మోసం గురించి దర్శకుడు ఒక్క మాటా అనడు. ఆమె దుఃఖం నిజం. దాన్ని విన్నవాడు అప్పటివరకు ఆమెకు ఎవరూ లేరన్నదీ నిజం. ఇల్లు ఒక్కటే అబద్ధం.

ఎందరో ఓటర్లు ఆయనను ఎందుకు నమ్మారన్న ప్రశ్నకు ‘ఇల్ కైమానో’ ఇవ్వలేని జవాబు ఇక్కడ ఉంది. ఈ ఫోన్ తరువాతే అతడు ప్రత్యర్థి పక్షంలోని ఆరుగురు సెనేటర్లను తనవైపు తిప్పుకోవడానికి బయలుదేరతాడు. ఇల్లు కొన్న స్త్రీకి, పార్టీ మారిన సెనేటరుకు పద్ధతి ఒకటే. 2009 ఏప్రిల్‌లో లాక్విలా భూకంపం వచ్చాక ఇల్లు, కట్టుడుపళ్లు పోగొట్టుకున్న ముసలమ్మకు అతడు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాడు కూడా. సొరెంతినో ఈ ఉదారతను వెక్కిరించడు. సినిమా చివరన శిథిలాల్లోంచి క్రీస్తు విగ్రహాన్ని బయటికి తీసిన సహాయకులు మాటలేకుండా కూర్చుంటారు. ఆ మౌనమే సినిమా మొత్తంలో అమ్మకానికి లేని సమయం.

7. మన తెర మీద

తెలుగునాట ముఖ్యమంత్రిని ‘సీఈఓ’ అని పిలవడం 1990ల చివర ప్రశంసగానే మొదలైంది. 2024లో గుంటూరు నుంచి లోక్‌సభకు ఎన్నికైన వ్యాపారవేత్త ప్రకటించిన కుటుంబ ఆస్తులు 5,700 కోట్ల రూపాయలకు పైగా ఉన్నాయి. అఫిడవిట్ మనకు ఉంది, ఇటలీకి అప్పట్లో లేనంత స్పష్టంగా ఉంది. ప్రభుత్వంతో సరఫరా, నిర్మాణ ఒప్పందాలున్నవారిని అనర్హులను చేసే 9ఎ విభాగం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. కంపెనీ వేరు, వాటాదారు వేరు అన్న సూత్రం 1957 నాటి ఇటాలియన్ చట్టాన్ని ఎక్కడ వంచిందో, దీనినీ అక్కడే వంచగలదు. ఆస్తి ఎంతన్నది అఫిడవిట్ చెబుతుంది. అభ్యర్థి ఓటరును ఏమని సంబోధిస్తున్నాడో చెప్పడం సాహిత్యవిమర్శ పని.

‘లోరో’ వచ్చిన 2018లోనే ఎ.ఆర్. మురుగదాస్ ‘సర్కార్’ తమిళంతోపాటు తెలుగులోనూ విడుదలైంది. అమెరికాలో కార్పొరేట్ సంస్థను నడిపే కథానాయకుడు ఓటు వేయడానికి వస్తాడు. అతని ఓటును అప్పటికే ఎవరో వేసేశారు. 49పి నిబంధనను పట్టుకొని పోరాటం మొదలుపెట్టి రాజకీయాల్లోకి దిగుతాడు. ఏ దేశంలో అడుగుపెడితే ఆ దేశపు కంపెనీలను మింగేసే ‘కార్పొరేట్ రాక్షసుడి’గా సినిమా అతన్ని పరిచయం చేస్తుంది. ఆ రాక్షసత్వాన్నే తరువాత అవినీతిపరుల మీదికి మళ్లించి చప్పట్లు కొట్టిస్తుంది. అతని వృత్తి అతని తెలివికి కారణంగా మాత్రమే కథలోకి వస్తుంది, ప్రశ్నగా రాదు. మింగబడిన కంపెనీలలో పనిచేసినవారు ఎవరో, వారికి ఓటు ఉందో లేదో ఒక్క సన్నివేశంలోనూ కనిపించదు. వ్యాపారి గొంతు ఫోన్‌లో ఎలా పలుకుతుందో వినిపించిన దృశ్యానికి సమానమైనదేదీ ఆ సినిమాలో నాకు దొరకలేదు. పోగొట్టుకున్న ఓటు చుట్టూ అంత కథ అల్లినవారు, ఆ ఓటు తిరిగి దొరికాక ఓటరు దేనికి దాన్ని వేస్తాడన్న చోట కెమెరాను పక్కకు తిప్పేశారు.